నాలుగు చింతగింజలు

సుదర్శన్ గారు తాగకుండా వదిలేసిన టీ మీద మీగడ కట్టి నాలుగు గంటలు దాటింది. కప్పు టీపాయ్ మీద అలాగే ఉంది. దాన్ని తీసి సింకులో వెయ్యాల్సింది ఎవరో మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. రోజూ తీసే మనిషి వెనక బాల్కనీలో కూర్చుంది. ఈ రోజు ఆమెకు పని చెప్పే ధైర్యం ఎవరికి ఉంది?

"ఇంటి మీదికి పోలీసోళ్ళు వచ్చిన్రు," అంది మా అత్తమ్మ రాములమ్మ. పొద్దున్నుంచి ఆ మాట అనడం ఇది ఎన్నోసారో లెక్క లేదు.

"పోలీసులు కాదమ్మా. పిల్లల రక్షణ ఆఫీసు," అన్నాడు మా ఆయన దివాకర్.

"ఏదైతేంది? నా మనవడు పండుకునే మంచం జూసిండు. ఆ పిల్ల పండుకునే చాప జూసిండు. చాపకు ఫోటో గూడ తీసిండు. చాపకు ఫోటో ఎందుకురా?"

ఎందుకో నాకు తెలుసు. నేర్పిందే నేను. రెండేళ్ళ కిందట క్యాంపస్‌లో ఆఫీసర్లకు ట్రైనింగ్ పెట్టినప్పుడు, "ముందు పిల్ల పడుకునే చోటు చూడండి" అని మైకులో చెప్పింది నేను. సుదర్శన్ గారు ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా రాసుకున్నారు. ఇప్పుడు మా ఇంటికే వచ్చి ఆ పని అంతే శ్రద్ధగా చేశారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో మెల్లగా అన్నారు. "రూల్ ప్రకారమైతే పాపను ఇప్పుడే తీస్కపోవాలె మేడం. మీరు కాబట్టి ఉంచి పోతున్న. నాలుగింటికి మా లేడీ ఆఫీసర్‌తోని వచ్చి పాప మాట రాసుకుంట. అప్పటిదాక పాపను ఎక్కడికి పంపొద్దు, ఎవ్వలు ఏం నేర్పియ్యొద్దు. మీకు నేను చెప్పేదేమున్నది?"

సంగతి ఇంతే. నిన్న శనివారం మధ్యాహ్నం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక ఆడపిల్ల ఫోన్ చేసింది. పేరు నిరోష, ఏడో తరగతి. "తార్నాకల పద్మశ్రీ మేడం ఇంట్ల ఉంటున్న, మొగిలి మామ తీస్కచ్చిండు" అన్నంత వరకే వినిపించింది. తర్వాత కట్ అయిపోయింది. వాళ్ళు తిరిగి చేస్తే అది నేను పాఠాలు చెప్పే బడి పక్కన జిరాక్స్ షాపు వాళ్ళ నంబరు.

ఆ పద్మశ్రీ మేడం నేనే. పిల్లల మీద అఘాయిత్యాలు, పిల్లల్ని మాయ చేసి తరలించుకుపోవడం, వీటి గురించి సర్కారు బళ్ళలో చెప్పే పాఠం తయారుచేసిన మనిషిని. దాని మీదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే రాలేదు.

నిరోష మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది. మా వారిది జనగామ దగ్గర పల్లె, అదే ఊరి పిల్ల. తండ్రి లేడు. తల్లి పత్తి ఏరడానికి పోతుంది. మా వారికి వరసకు తమ్ముడయ్యే మొగిలి బస్సులో తీసుకొచ్చి దింపాడు. "నీ దగ్గరుంటే నాలుగు అక్షరాలు వస్తయి వదినా, బాబును గూడ చూస్కుంటది," అన్నాడు. నేను మా బడిలోనే చేర్పించాను. చేర్పించానని పదిమందికీ చెప్పుకున్నాను. బాబుకు జ్వరమొచ్చినప్పుడు, నాకు యూనివర్సిటీలో పని పడినప్పుడు మాత్రం మానేది. ఎన్ని రోజులు మానిందో అటెండెన్స్ రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరు రాసేదీ నేనే.

"ఏం తక్కువ చేసినం పద్మా, చెప్పు," అన్నాడు దివాకర్. ఆయన యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్తాడు. పై నెలలో ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. పొద్దున్నుంచి చొక్కా గుండీ ఒకటే పెట్టుకుంటున్నాడు, తీస్తున్నాడు. "మనం తిన్నదే తిన్నది. పండుగకు బాబు కంటే ముందు ఆమెకే బట్టలు తెచ్చినవ్."

"తెచ్చిన."

"కొట్టినమా?"

"లేదు."

"తిట్టినమా?"

"అత్తమ్మ తిడతది. అందర్నీ తిడతది."

"మరి ఫోన్ ఎందుకు చేసింది?"

"నాకు తెల్వది."

"పాఠం చెప్పింది నువ్వు. నీకే తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తది?"

ఎవరైనా తప్పు చేశావంటే ఎగిరిపడే మనిషిని. ఇవాళ ఎవరి మీద ఎగరాలో తెలియడం లేదు.

"అసలు ఆడివిల్లలకు గిసొంటియి బడిల చెప్పుడేంది?" అత్తమ్మ బాబును ఒళ్ళో వేసుకుని అందుకుంది. "మా కాలంల ఎవలన్న చెప్పిన్రా?"

"చెప్పలేదు కాబట్టే కద అత్తమ్మా..." అని ఆగిపోయాను. మీటింగుల్లో ఈ మాటకు చప్పట్లు పడతాయి. మా హాల్లో సీలింగ్ ఫ్యాను తప్ప ఏదీ చప్పుడు చెయ్యలేదు.

ఆ పాఠం ఎలా చెప్తామో మీకూ చెప్పాలి. పిల్లలు అందరి ముందూ చెయ్యెత్తరు, ఇది ఏ టీచరుకైనా తెలుసు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ఒక్కో పిల్లకు కుడిచేతిలో గుప్పెడు చింతగింజలు పోస్తాను. కళ్ళు మూసుకోమంటాను. ఒక్కో ప్రశ్న అడుగుతాను. జవాబు 'లేదు' అయితే ఒక గింజను ఎడమ చేతిలోకి మార్చుకోవాలి. ఎన్ని మారాయో ఎవరికీ చూపించక్కర్లేదు. మూడు దాటితే నమ్మకమున్న పెద్దవాళ్ళకు చెప్పాలి, వాళ్ళు వినకపోతే 1098కి చెయ్యాలి.

మీరుంటున్న ఇంటి నుంచి ఎప్పుడంటే అప్పుడు అమ్మ దగ్గరికి వెళ్ళగలరా? మీ ఆధార్ కార్డు మీ దగ్గర గానీ అమ్మ దగ్గర గానీ ఉందా? పక్కన ఎవరూ లేకుండా అమ్మతో ఫోన్లో మాట్లాడగలరా? ఎవరైనా మీ మీద చెయ్యి వేస్తే, అది మీకు నచ్చకపోతే, ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోగలరా? ఇలాంటివి ఏడు ప్రశ్నలు.

పది రోజుల కిందట ఏడో తరగతిలో నేనే అడిగాను. మూడో వరసలో కిటికీ పక్కన నిరోష కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఆ ప్రశ్నలు ఆమెకు కూడా అని నాకు తట్టనే లేదు. ఏం మనిషిని నేను? ఆమె ఆధార్ కార్డు నా బీరువాలో, బాబు బర్త్ సర్టిఫికెట్ పక్కన ఉంది. చిన్నపిల్ల, పారేసుకుంటుందని దాచాను. దాచానా, పెట్టుకున్నానా? పొద్దున్నుంచి అది తేలడం లేదు నాకు.

దివాకర్ మళ్ళీ ఫోన్ తీశాడు. "మొగిలిగానిది స్విచ్ ఆఫ్ వస్తున్నది. దొరికితే వాళ్ళమ్మను తోల్కొని రమ్మంట. ఆమె వచ్చి 'నేనే పంపిన సార్' అంటే ఖతం. గంతే కథ."

"ఆమె వచ్చేసరికి రాత్రయితది. వాళ్ళొచ్చేది నాలుగింటికి."

"అందుకే నువ్వు మాట్లాడు ఆమెతోని. నువ్వు చెప్తె వింటది."

"ఏం నేర్పియ్యొద్దని చెప్పి పోయిండు ఆయన."

"నేర్పియ్యమని ఎవలన్నరు? ఉన్నదే చెప్పమను. అమ్మ ఒప్పుకున్నది, మొగిలి తీస్కచ్చిండు, మంచిగ చూస్కుంటున్నరు. ఇందుల ఒక్క అబద్ధం చూపియ్యి నాకు."

చూపించలేకపోయాను. విడివిడిగా చూస్తే అన్నీ నిజాలే. అన్నీ కలిపి ఆ పిల్ల నోట్లో పెట్టడం మాత్రం తప్పని నాకు తెలుసు. అయినా లేచాను. ఇంటర్వ్యూ కోసమా, ఇంటి పరువు కోసమా, నా పాఠం కోసమా అంటే చెప్పలేను. మూడూ కావచ్చు.

కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. ఏడాదిలో నేను ఆమెకు కంచం అందించడం అదే మొదటిసారి.

నిరోష ఆరిన బట్టలు మడతపెడుతోంది. బాబు చొక్కాలు ఒక పక్క, దివాకర్ ప్యాంట్లు ఒక పక్క. తన గౌను మాత్రం ఇంకా తీగ మీదే ఉంది.

"అన్నం తిను."

"ఆకలైతలేదు మేడం."

ఇంట్లో నన్ను పద్మక్కా అనేది. మేడం అనేది బడిలోనే.

"నాలుగింటికి ఇంకో మేడం వస్తది. ఆమె అడిగితే భయపడొద్దు."

తలూపింది.

"అమ్మ ఒప్పుకునే పంపిందని చెప్పు. మొగిలి మామ మంచిగ తీస్కచ్చి దింపిండని చెప్పు. మేం మంచిగ చూస్కుంటలేమా నిన్ను?"

"చూస్కుంటున్నరు."

"మరి ఆ మాటే చెప్పు. ఎట్ల చెప్తవ్? ఒకసారి చెప్పు."

రాష్ట్రాలు, రాజధానులు ఒప్పజెప్పించే గొంతుతో అడిగాను. సిగ్గేసింది. అయినా ఆపలేదు.

"అమ్మ ఒప్పుకునే పంపింది," అంది నిరోష, గోడ వైపు చూస్తూ. "మొగిలి మామ మంచిగ తీస్కచ్చి దింపిండు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇట్ల చెప్తె మా హారిక దొరుకుతదా మేడం?"

హారిక ఆమె చెల్లెలు. పదేళ్ళు. ఊళ్ళో తల్లి దగ్గర ఉంటుందని మాత్రం తెలుసు నాకు.

"హారికకు ఏమైంది?"

"పోయిన ఆదివారం మొగిలి మామ తీస్కపోయిండు. మొన్న ఫోన్ల అమ్మ చెప్పింది కద. మీరు పక్కన్నే ఉన్నరు."

ఉన్నాను. నా ఫోన్లోనే మాట్లాడింది. ఫోన్ పాడుచేస్తుందని స్పీకర్ పెట్టి నా ముందే మాట్లాడిస్తాను. ఆ రోజు యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. చెల్లె అనీ, మామ అనీ ఏవో మాటలు చెవిన పడ్డాయి. అంతకు మించి నేను వినలేదు.

"నా దగ్గరికే తీస్కపోతున్న అని చెప్పిండంట అమ్మకు. అక్కాచెల్లెండ్లు దగ్గర దగ్గర ఉంటరు అన్నడంట. వారమైంది. నా దగ్గరికి రాలే."

"అంటే నువ్వు ఫోన్ చేసింది... హారిక కోసమా?"

"ఊఁ. ముందు నీ పేరేంది, ఏడ ఉంటున్నవ్, ఎవలు తీస్కచ్చిన్రు అని అడిగిన్రు. అవి చెప్తుంటెనే షాపాయన ఫోన్ గుంజుకున్నడు. చాలా సేపైంది అన్నడు."

పొద్దున్నుంచి మేం ముగ్గురం మా గురించే కొట్టుకు చచ్చాం. ఆ పిల్ల మా మీద ఫిర్యాదే చెయ్యలేదు. ఆ ముక్క అర్థమవగానే నాకు ఏడుపొచ్చిందా, హాయిగా అనిపించిందా? రెండూ. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

"మరి పొద్దున సుదర్శన్ సార్ అడిగినప్పుడు చెప్పొచ్చు కదనే!"

"దివాకర్ సారు, అవ్వ, మీరు, అందరు చుట్టూ నిలబడ్డరు."

నిలబడ్డాం. పిల్లను ఆ ఇంటివాళ్ళ ముందు ఏమీ అడగకూడదని నేను రాసిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.

నిరోష బాబు చొక్కా ఒకటి తీసి మళ్ళీ మడతపెట్టింది. "నాకు నాలుగు వచ్చినయి మేడం, గింజలు."

ఊరికి పోలేకపోవడం ఒకటి. ఆధార్ ఒకటి. ఫోన్ ఒకటి. మూడూ నా ఖాతాలోవే అని మనసులో ఒప్పుకున్నాను. "నాలుగోది ఏంది నిరోషా?"

"చెయ్యి."

చేతిలో కంచం కింద పెట్టాను.

"మొగిలి మామ. తీస్కచ్చేటప్పుడు, బస్సుల. నేను లేచి పొయ్యి కండక్టర్ దగ్గర నిలబడ్డ. జనగామ నుంచి ఉప్పల్ దాక నిలబడే వచ్చిన."

"ఏడాది నుంచి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనుకున్న. దసరాకు ఆయన ఇంటికొచ్చినప్పుడు చెప్దామనుకున్న. మీరు కోడికూర వండిన్రు. నన్నే వడ్డియ్యమన్నరు."

అన్నాను. "నిరోషా, మామకు ఇంకో ముక్క వెయ్యి" అని వంటింట్లోంచి కేకేశాను. ఆ కేక నా చెవుల్లో స్పష్టంగా వినిపించింది.

"దానికి పదేండ్లే మేడం," అంది నిరోష. ఇప్పుడు ఏడుస్తోంది. "లేచి పక్కకు పోవాలని దానికి తెల్వది."

ఆమె చేతులు పట్టుకున్నాను. ఏం చెయ్యాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? పాఠంలో ఇక్కడ టీచరు ఏం చెయ్యాలో పది లైన్లు రాశాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీ దగ్గరికి అంటే ఏడికి? ఇల్లు ఏదన్న చెప్పిండా అమ్మకు?"

"పద్మ వదినకు చదువు చెప్పే పెద్దమేడం ఉన్నది, యూనివర్సిటీల, ఆమె ఇంట్లకు అన్నడంట."

నా ప్రాణం లేచొచ్చింది. పెద్దమేడం అంటే కాత్యాయని గారు. నా గైడు. వానాకాలంలో ఆమె మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు, "మీ ఊరి పక్క చిన్నపిల్ల ఎవరన్నా దొరుకుతుందా పద్మశ్రీ, చేతికి కాలికి సాయంగా" అని అడిగారు. మొగిలి నంబరు ఇచ్చింది నేనే. ఇచ్చి మర్చిపోయాను. అంటే హారిక క్యాంపస్‌లోనే ఉంది! స్కూటీ మీద పది నిమిషాలు.

"పా, లే! చెల్లెను తెచ్చుకుందాం."

చెప్పులు వేసుకుంటుంటే దివాకర్ అడ్డం వచ్చాడు. "ఏడికి? మూడు దాటింది. వాళ్ళొస్తరు!"

"అరగంటల వస్త."

"పాపను ఎందుకు తీస్కపోతున్నవ్? పద్మా, పిచ్చిగాని లేచిందా నీకు? ఏం జరుగుతున్నదో చెప్పు!"

చెప్పలేదు. మొగిలి అట్ల చేసేటోడు కాదంటాడు, నేను అవునంటాను, ఆ వాదన తెగేసరికి నాలుగవుతుంది. వచ్చాక చెప్పొచ్చు అనుకున్నాను. ఆ ఒక్క ముక్క గుమ్మంలో నిలబడి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

తార్నాక చౌరస్తా దాటి క్యాంపస్ గేటులోకి తిరిగాను. ఆదివారం కదా, ఖాళీ జాగాల్లో క్రికెట్ ఆడుతున్నారు. లైబ్రరీ ముందు చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నిరోష వెనక నా నడుం పట్టుకుని కూర్చుంది. "దానికి నా గౌను సరిపోతది మేడం," అంది ఒకసారి. నేను అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాను. హారికను చూపిస్తే సుదర్శన్ గారు శాంతిస్తారు. మొగిలి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇద్దరినీ ఊరికి పంపిస్తే సరి. ఎంత తేలిగ్గా సర్దేశానో చూడండి.

కాత్యాయని గారి క్వార్టర్ సీతాఫలం చెట్ల వెనక ఉంటుంది. ఆమెది అనంతపురం. నలభై ఏళ్ళుగా హైదరాబాదులో ఉన్నా మాట మారలేదు. కర్ర పట్టుకుని తనే వచ్చి తలుపు తీశారు.

"ఏం పద్మశ్రీ, ఇంత ఎండలో వచ్చినావు? ఈ పిల్ల ఎవురు?"

"నిరోష. హారిక వాళ్ళ అక్క, మేడం. హారికను ఒకసారి పిలవండి."

"యా హారిక?"

"మొగిలి తీసుకొచ్చి దింపిన అమ్మాయి. మీకు సాయంగా."

ఆమె నన్నూ నిరోషనూ మార్చి మార్చి చూశారు. "నా కాడ యా పిల్లా లేదు. వాడు వచ్చి రెండు వారాలాయె. ఫోనులో ఫోటో చూపించె. సన్నపిల్ల. నాకు వద్దు నాయనా అని పంపిస్తి."

లోపలికి చూశాను. హాలు ఖాళీగా ఉంది. వంటింటి తలుపు తీసే ఉంది. అక్కడా ఎవరూ లేరు. ఆమె చెప్పింది నిజమని తెలుస్తూనే ఉంది, అయినా చూశాను.

"మీరే కదా మేడం కావాలన్నారు?"

"అంటిని. నిజమే. ఆపైన నీ పాఠం నేనే దిద్దితి గదా. ఆ ఏడు ప్రశ్నలూ చదివినాక నాకు మనసు ఒప్పలా. అగచాట్లు పడితే పడినాను, పిల్లనైతే పెట్టుకోకూడదు అనుకుంటి."

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

ఆమె కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "ఎట్ల చెప్పేది? ఆ మాట ఎత్తితే నీ ఇంట్లో ఉండే పిల్ల మాటా ఎత్తినట్టే గదా. నువ్వు నొచ్చుకుంటావని గమ్మునుంటి."

కోపం వచ్చింది. ఎవరి మీద? నా గౌరవానికి భంగం రాకూడదని నోరు మూసుకున్న మనిషి మీదా? మా ఇంట్లో ఇంకో ముగ్గురం అదే పని చేశాం.

"వాడు పోతూ ఏమన్నా అన్నాడా మేడం? గుర్తు తెచ్చుకోండి."

"మీరు కాకుంటే వేరేవాళ్ళు ఉండారులే మేడం అన్యాడు. మల్కాజ్‌గిరి స్టేషన్ కాడ ఎవురో అడుగుతాండారని చెప్పె. ఇంటి పనికేనా అంటే నవ్వె. ఆ నవ్వు నాకేం బాగలేదు. అప్పుడైనా నీకు చెప్పాల్సింది పద్మశ్రీ. తప్పు చేస్తి."

నిరోష గేటు దగ్గరే నిలబడి ఉంది. అక్కడిదాకా మా మాటలు వినిపిస్తాయి. ఆమె ఏడవడం లేదు. గేటు చువ్వ ఒకటి పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది.

అప్పుడే నా ఫోన్ మోగింది. దివాకర్.

"ఏడున్నవ్? వాళ్ళు ముందే వచ్చేసిన్రు. హాల్ల కూర్చున్నరు. నేను బెడ్రూంలకొచ్చి మాట్లాడుతున్న." గొంతు తగ్గించాడు, కానీ హుషారుగా ఉంది. "ఒక మంచి మాట. మొగిలిగాడు దొరికిండు ఫోన్ల."

"ఎక్కడున్నడు? ఏం చెప్పినవ్?"

"ఏం చెప్త? ఆఫీసరోళ్ళు ఇంటికొచ్చిన్రు, నీ పేరు రాసుకున్నరు, నాలుగు రోజులు ఎవలకు కనపడకు, ఫోన్ బంద్ పెట్టుకో అన్న. పాపం, మనకు మంచి చెయ్యబొయ్యి వాడెందుకు ఇరుక్కోవాలె?"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"వాడేమన్నడు?"

"సరే అన్నా అన్నడు. యాదగిరిగుట్ట పోతనో, మహారాష్ట్ర దిక్కు పోతనో అన్నడు. సరిగ వినపడలే. పక్కన ఎవలో పిల్ల ఏడుస్తున్నది."

"ఎన్నింటికి మాట్లాడినవ్?"

"ఇప్పుడే, పది నిమిషాలైంది. ఏంది, ఏమైంది?"

పెట్టేశాను. మొగిలి నంబరు నొక్కాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ నొక్కాను. స్విచ్ ఆఫ్.

"ఇప్పుడు ఎవలకు చెప్పాలె మేడం?" అంది నిరోష.

వెటకారం కాదు. నిజంగానే అడుగుతోంది. బోర్డు మీద రాసిన వరసలో నమ్మకమున్న పెద్దవాళ్ళు అయిపోయారు. ఫోన్ నంబరు అయిపోయింది. తర్వాత ఏమిటో నేను రాయలేదు.

సుదర్శన్ గారికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"చెప్పండి మేడం. మేము మీ ఇంట్లనే ఉన్నం. పాప ఏది? ఎక్కడికి పంపొద్దని చెప్పిన కద."

"పాప నా దగ్గరే ఉంది. మీరు కాగితం, పెన్ను తియ్యండి. నేను చెప్పేది రాసుకోండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పాప ఫోన్ చేసింది తన కోసం కాదు, చెల్లెలి కోసం. పేరు హారిక, పదేళ్ళు. మొగిలి పోయిన ఆదివారం తీస్కపోయిండు. మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర ఎవరికో ఇస్తానన్నడట. ఏ ఇంటి పేరు చెప్పి తల్లిని నమ్మించిండో, ఆ ఇంటికి వాని నంబరు ఇచ్చింది నేనే. అది కూడా రాసుకోండి."

"మొగిలి ఫోన్ పని చేస్తున్నదా మేడం?"

"పది నిమిషాల కిందటి దాక చేసింది. అప్పుడు పిల్ల వాని పక్కనే ఉంది, ఏడుస్తున్నది. ఎక్కడున్నడో ఫోన్ కంపెనీని అడిగించండి. స్టేషన్లల్ల చెప్పండి. ఊరు దాటిపోతడు."

"పక్కన ఏడుస్తున్నదని మీకెట్ల తెలిసింది? వానితోని మాట్లాడిందెవలు? ఏ నంబరు నుంచి?"

పది అంకెలూ చెప్పాను. పెళ్ళయిన కొత్తలో బట్టీ పట్టిన నంబరు, చూసుకోవాల్సిన పని లేదు. ఆయన ఒక్కో అంకె పలుకుతూ రాసుకున్నారు. ఫోన్లోంచి మా హాలంతా వినిపిస్తోంది. బాబు ఏదో కావాలని మారాం చేస్తున్నాడు. దివాకర్ బెడ్రూంలోంచి వచ్చినట్టున్నాడు. "ఇంకో పది నిమిషాలల్ల వచ్చేస్తది మేడం, ట్రాఫిక్ ఉంటది కద, కూర్చోండి," అని ఆ లేడీ ఆఫీసర్‌తో మర్యాదగా అంటున్నాడు.

నిరోష వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈ నంబరు ఎవలది మేడం?" అని అడిగారు సుదర్శన్ గారు.

"మా ఆయనది," అన్నాను. "మీ ముందే ఉన్నడు."